కుళ్ళాయమ్మ రాయించిన మాట

ఆ ఉత్తరం వచ్చినప్పటి నుంచి వసుధకు అన్నం సయించడం లేదు.

గురువారం పొద్దున విద్యాశాఖ అధికారి బడి చూడటానికి వస్తారు. పదేళ్ళు నిండిన పిల్లలందరూ ఆయన ముందు రెండో తరగతి తెలుగు వాచకంలో ఒక పేజీ చదవాలి. చదవలేని పిల్లలుంటే బడికి గుర్తింపు కొనసాగించే విషయం ఆలోచించాల్సి వస్తుంది. ఉత్తరంలో ఉన్నది అంతే. నాలుగు వరుసలు, కింద ఒక సంతకం.

బడిలో ఇరవై ఆరుమంది పిల్లలు. పదేళ్ళు నిండినవాళ్ళు పదకొండుమంది. వాళ్ళలో పదిమంది గడగడా చదువుతారు. పదకొండో పిల్ల కుళ్ళాయమ్మ. ఆ పిల్లకు ఒక్క అక్షరం కూడా రాదు.

కదిరి దాటాక గుట్టల మధ్య ఉన్న ఆ బడిని చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు గంట లేని బడి అంటారు. పొద్దున్నే పిల్లలు వాకిలి ఊడుస్తారు, మేకలకు ఆకు వేస్తారు, రాగిజావ తాగుతారు. తర్వాత రేకుల షెడ్డులో గుండ్రంగా కూచుంటారు. ఆ రోజు ఎవరి వంతైతే వాళ్ళు పీట మీద కూచుని సభ నడుపుతారు. పీట మీద ఆరేళ్ళ పిల్ల ఉన్నా సరే, ఎవరైనా మాట్లాడాలంటే చెయ్యెత్తాలి. ఆ పిల్ల పేరు పెట్టి పిలిచేదాకా ఆగాలి.

ఒక్కొక్కరూ ఆ రోజు తాము ఏం చెయ్యబోయేదీ చెబుతారు. భిన్నాలు నేర్చుకుంటానని ఒకడు, బొంగరం చెక్కుతానని ఒకడు, గుట్ట ఎక్కి రాళ్ళు ఏరుకొస్తానని ఒకతె. ఏమీ చెయ్యనని చెప్పినా ఎవరూ ఏమీ అనరు.

ఏడాదిన్నరగా కుళ్ళాయమ్మ రోజూ ఒకటే చెబుతోంది. "మ్యాకల కాడుంటా."

ఆ బడి మస్తానయ్యది. ముప్పై మూడేళ్ళు సర్కారు బళ్ళలో పనిచేసి, ఆ తర్వాత ఈ రేకుల షెడ్డు వేసుకున్నాడు. డెబ్బై ఏళ్ళుంటాయి. పిల్లలు తాతా అంటారు. ఆయన కూడా పొద్దున సభలో చెయ్యెత్తి, "ఈ పొద్దు నేను కిటికీ రెక్క బాగుచేస్తా" అని తన పని తాను చెప్పుకుంటాడు.

వసుధది రేపల్లె. విజయవాడలో ఒక పెద్ద హాస్టల్ బడిలో మూడేళ్ళు చదువు చెప్పింది. అక్కడ తెల్లవారుజామున అయిదింటికి పిల్లల్ని లేపి కూచోబెట్టేవాళ్ళు. ఆ నిద్రమొహాలు చూడలేక ఉద్యోగం వదిలేసింది. ఎక్కడో ఒక సమావేశంలో మస్తానయ్య మాట్లాడగా విని, "మీ దగ్గర నేర్చుకోవాలి మాస్టారూ" అని జూన్ నెలలో పెట్టె పట్టుకుని వచ్చేసింది.

ఉత్తరం వచ్చిన శుక్రవారంనాడే ఆయన్ని అడిగింది.

"కుళ్ళాయమ్మ సంగతేంటి మాస్టారూ?"

"ఏమి సంగతి?"

"ఆరు రోజులే ఉంది. నాకు వదిలిపెట్టండి. గట్టిగా కూచోబెడితే పేజీ కాకపోయినా రెండు వాక్యాలైనా చదివిస్తాను."

"ఆ పిల్లను అడిగినావా?"

"అడిగితే మేకల దగ్గర పనుందంటుంది."

"ఉండాది గదా" అన్నాడాయన. అని, కిటికీ రెక్కకు మేకు కొట్టుకుంటూ ఉండిపోయాడు.

వసుధకు ఒళ్ళు మండింది. పెద్దాయనకు పట్టింపు ఎక్కువైపోయింది, పట్టింపు కోసం బడిని పోగొట్టుకునేలా ఉన్నాడు అనుకుంది. పోతే ఈ ఇరవై ఆరుమంది ఎక్కడికి పోతారు? మళ్ళీ ఆ అయిదింటి గదుల్లోకే కదా? ఎవరో ఒకరు పూనుకోవాలి. ఎవరో ఎందుకు, తనే.

శనివారం నుంచి రోజూ మధ్యాహ్నం సంగటి తిన్నాక కుళ్ళాయమ్మను పిలుచుకుని విత్తనాల గది వెనక్కి వెళ్ళేది. పొద్దున సభలో ఆ మాట చెప్పలేదు. ఎవరికీ చెప్పొద్దని పిల్లకు కూడా చెప్పింది. పిల్ల ఎందుకని అడగలేదు. పలక ఒళ్ళో పెట్టుకుని, మెడ మాత్రం మేకల దొడ్డి వైపు తిప్పి కూచునేది.

బుధవారం నాటికి ‘అ’ నుంచి ‘ఈ’ దాకా వచ్చారు. మంగళవారం వచ్చిన ‘ఆ’ బుధవారానికి మళ్ళీ పోయింది.

వసుధ పిల్ల గుప్పిటను తన గుప్పిట్లో పెట్టుకుని దిద్దిస్తోంది. ఆ చెయ్యి కట్టెలాగా బిగుసుకుని ఉంది.

"ఇదేంటి?"

పిల్ల దొడ్డి వైపు చూసింది.

"ఇప్పుడేగా చెప్పాను. ఇదేంటి కుళ్ళాయమ్మా?"

"నల్లమ్యాక అరుస్తాంది అక్కా."

"మేకని వదిలెయ్. పలక చూడు."

"ఈనుతాంది. దానికిది మొదటి ఈత. దానికేమీ తెలీదు." పిల్ల లేచి నిలబడింది. పలక జారి రాతిబండ మీద పడి రెండు ముక్కలైంది.

వసుధ చెయ్యి లేచింది.

చెంప మీద ఆ చప్పుడుకు వసుధే ఉలిక్కిపడింది. కుళ్ళాయమ్మ ఏడవలేదు. ఒక్కసారి వసుధ మొహంలోకి చూసి, దొడ్డి వైపు పరుగెత్తింది.

కాసేపటికి వసుధ కూడా వెళ్ళింది. దొడ్డిలో చీకటిగా ఉంది. నల్లమేక పక్కకు ఒరిగి రొప్పుతోంది. మేకపిల్ల ముందుకాలు ఒకటి బయటికి వచ్చింది, రెండోది లోపల మడతపడి ఉంది. కుళ్ళాయమ్మ మోచేతి దాకా నూనె రాసుకుని, పెదవి కొరుక్కుని, కళ్ళు మూసుకుని లోపల వేళ్ళతో వెతుకుతోంది. చెంప మీద నాలుగు వేళ్ళు ఎర్రగా తేలి ఉన్నాయి.

"ఆగమ్మా, ఆగు. అయిపాయ, అయిపాయ" అంటోంది మేకతో.

చివరికి మేకపిల్ల తడితడిగా గడ్డి మీద పడింది. కుళ్ళాయమ్మ దాని ముక్కు తుడిచి, నోట్లో వేలు పెట్టి జిగురు తీసి, తల్లి మూతి దగ్గరికి జరిపింది.

"కుళ్ళాయమ్మా..." అంది వసుధ.

"తలుపు ఎయ్యక్కా. గాలి కొడతాంది, సలికి ఓర్వదు."

వసుధ తలుపు వేసింది. వేశాక చూసుకుంటే తను తలుపు బయట ఉంది.

ఆ బడిలో ఎవరికైనా ఎవరి మీదైనా ఫిర్యాదు ఉంటే కాగితం మీద రాసి, షెడ్డు గుంజకు వేలాడే బిస్కెట్ల డబ్బాలో వెయ్యాలి. మర్నాడు సభలో పీట మీద కూచున్నవాళ్ళు దాన్ని పైకి చదువుతారు. రాయడం రానివాళ్ళు ఇంకొకరి చేత రాయించుకోవచ్చు. రాసేవాళ్ళకు ఒకటే కట్టుబాటు. చెప్పింది చెప్పినట్టు రాయాలి.

సాయంత్రం నాలుగింటికి వసుధ వరండాలో కూచుని ఉంది. ఎదురుగా వాకిట్లో మస్తానయ్య చెనక్కాయలు వలుస్తున్నాడు. కుళ్ళాయమ్మ ఆయన దగ్గరికి వచ్చి గొంతుక్కూచుంది. ఏదో చెప్పింది. ఆయన వలవడం ఆపి విన్నాడు. పిల్ల చెంప వైపు చూశాడు.

ఆయన లేచి లోపలికి వెళ్ళి ఒక తెల్లకాగితం, కలం తెచ్చాడు. రాయడానికి కూచుంటాడనుకుంది వసుధ. కూచోలేదు. ఆ రెండూ పిల్ల చేతిలో పెట్టి, గడ్డంతో వరండా వైపు చూపించాడు. మళ్ళీ చెనక్కాయల దగ్గర కూచున్నాడు.

కుళ్ళాయమ్మ వచ్చింది.

"తాత నీతో రాయించుకోమన్న్యాడు."

వసుధ కాగితం అందుకుంది.

"ఏం రాయమంటావు?"

"వసుధక్క నన్ను కొట్టింది. అంతే."

"ఎందుకు కొట్టిందో రాయనా?"

పిల్ల కొంచెం ఆలోచించింది. "వొద్దు. అది రేపు నువ్వే చెప్పుకో."

రేపు. రేపు అధికారి వస్తాడు. సభలో ఆయన ఉండగానే ఈ కాగితం చదువుతారు. ఒక పిల్లకు చదువు రాదన్నది ఒకటి, పిల్లను కొట్టారన్నది ఒకటి. చట్టం ఏమంటుందో వసుధకు తెలుసు. ఒక్క మాటతో బడి మూతపడుతుంది. అధికారి వెళ్ళిపోయాక, ఎల్లుండి, అందరి ముందూ తనే చెప్పేస్తుంది. పిల్ల కాళ్ళు పట్టుకోమన్నా పట్టుకుంటుంది. ఈ ఒక్క రోజు గడిస్తే చాలు.

కలం కదిలింది. "వసుధక్క నాతో గట్టిగా మాట్లాడింది."

కుళ్ళాయమ్మ కాగితం తీసుకుని ఆ వరుస కింద వేలు పెట్టి ఈ కొస నుంచి ఆ కొసకు జరిపింది.

"ఇంత పొడుగుండాదే?"

వసుధ కలానికి మూత పెట్టింది.

"నేను చెప్పినట్టే రాసినావా?"

"రాశాను."

పిల్ల కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి, డబ్బా మూత తీసి, లోపల వేసి వెళ్ళిపోయింది. వాకిట్లో మస్తానయ్య పొట్టు ఊదుకుంటున్నాడు. తలెత్తి చూడలేదు.

గురువారం పొద్దున వసుధ అందరికంటే ముందే లేచింది. మస్తానయ్య వేపపుల్ల నములుతూ తొట్టి దగ్గర నిలబడి ఉన్నాడు.

"మాస్టారూ, ఇవాళ సభలో ఫిర్యాదులు వద్దు. ఆయన వెళ్ళాక సాయంత్రం చదువుకుందాం."

"ఈ పొద్దు పీట ఎవురిది?"

"మెహరుది."

"అయితే మెహరును అడుగు."

మెహరున్నీసాకు ఏడేళ్ళు. ముందు పళ్ళు రెండూ ఊడిపోయి ఉన్నాయి. జావ గ్లాసు రెండు చేతులతో పట్టుకుని తాగుతోంది. వసుధ ఆమె ముందు గొంతుక్కూచుని, పెద్ద ఆఫీసరు వస్తున్నారనీ, ఫిర్యాదులు రేపు చదువుకోవచ్చనీ నచ్చచెప్పింది.

మెహరు మూతి తుడుచుకుంది. "డబ్బాలో ఒకటే ఉండాదక్కా. రాయించుకున్నోళ్ళు సరే అంటే రేపు చదువుతా. ఎవురిదో కనుక్కుని నువ్వు అడుగు."

వసుధ దొడ్డి వైపు చూసింది. కుళ్ళాయమ్మ మేకపిల్లను ఒళ్ళో పెట్టుకుని గుమ్మంలో కూచుని ఉంది. వసుధ అడగడానికి వెళ్ళలేదు.

అధికారి పరంధామం ఎనిమిదిన్నరకు మోటారుసైకిలు మీద వచ్చాడు. యాభై దాటిన మనిషి. ఎండకు కమిలిన మొహం, చంకలో ఫైలు. అప్పటికే పిల్లలు గుండ్రంగా కూచుని ఉన్నారు. ఆయనకు కుర్చీ వేశారు. బడిలో ఉన్నది ఆ ఒక్క కుర్చీ.

"కానివ్వండి. ఇదయ్యాక పిల్లల చేత చదివిస్తాను" అని ఆయన ఫైలు మోకాళ్ళ మీద తెరిచి పెట్టుకున్నాడు.

మెహరు పీట మీద బాసింపట్టు వేసుకుని కూచుంది. ముందు కొత్త మేకపిల్లకు పేరు పెట్టారు. తర్వాత బావి మోటారు దగ్గర చెప్పులు పోయిన సంగతి మాట్లాడారు. అధికారి చిన్నగా నవ్వుకుంటూ ఏదో రాసుకున్నాడు.

మెహరు డబ్బా మూత తీసింది.

మడతలు ఒక్కొక్కటీ విప్పింది. కాగితాన్ని మొహానికి దగ్గరగా పెట్టుకుని, కూడబలుక్కుంటూ మొదలుపెట్టింది.

"వ...సు...ధ...క్క..."

పిల్లలు వసుధ వైపు తిరిగారు. అధికారి కలం ఆగింది.

"నా...తో... గ...ట్టి...గా..." మెహరు ఊపిరి పీల్చుకుంది. "మా...ట్లా...డిం...ది."

చదివి, గెలిచినదానిలాగా తలెత్తింది. "ఎవురిది?"

కుళ్ళాయమ్మ చెయ్యెత్తింది.

"కుళ్ళాయమ్మా, చెప్పు."

"అది నేను చెప్పింది కాదు."

పైన రేకులు ఎండకు చిటపటమంటున్నాయి.

మెహరు కాగితాన్ని తిప్పి వెనకవైపు చూసింది. అక్కడేమీ లేదు. "ఇట్లే ఉండాది మరి. రాసినోళ్ళు ఎవురు?"

అధికారి మస్తానయ్య వైపు వంగాడు. "సార్, పిల్లల తగాదాలు మీరు మీరు తర్వాత చూసుకోండి. నాకింకా రెండు బళ్ళున్నాయి."

మస్తానయ్య కింద కూచున్నచోటే చెయ్యెత్తి ఉంచాడు.

"తాతా, ఉండు" అంది మెహరు. "ముందు రాసినోళ్ళు చెప్పాల."

ఆయన చెయ్యి దించుకున్నాడు.

వసుధకు ఇంకా దారి ఉంది. పిల్ల మరిచిపోయి ఉంటుందంటే చాలు. అధికారికి తెలియదు, మెహరుకు తెలియదు. చదువు రాని పిల్ల మాట ఒకవైపు, పంతులమ్మ రాత ఒకవైపు. ఏ ఊళ్ళోనైనా ఏది నిలబడుతుందో ఆమెకు తెలుసు.

కుళ్ళాయమ్మ ఆమె వైపు చూడటం లేదు. మెహరు చేతిలోని కాగితం వైపు చూస్తోంది. తన మాట అందులో ఎక్కడ తప్పిపోయిందో కనిపెట్టాలని, ఆ గీతల వైపే కళ్ళు చిట్లించి చూస్తోంది.

వసుధ చెయ్యెత్తింది.

"వసుధక్కా, చెప్పు."

"నేనే రాశాను." "కుళ్ళాయమ్మ చెప్పింది అది కాదు. వసుధక్క నన్ను కొట్టింది అని రాయమంది. నేను మార్చి రాశాను. చెప్పినట్టే రాశావా అని అడిగింది. రాశానన్నాను. అదీ అబద్ధమే."

"కొట్టారా?" అధికారి కుర్చీలో ముందుకు జరిగాడు. "పిల్లని మీరు..."

"సార్, చెయ్యెత్తాల" అంది మెహరు.

ఆయన నోరు తెరిచినట్టే ఉండిపోయింది. ఏమనుకున్నాడో, కలం పట్టుకున్న చెయ్యి సగం పైకి లేపాడు. మెహరు ఆయన వైపు చూసి, "మీ పేరేమి సార్?" అంది. ఎవరూ నవ్వలేదు.

"పరంధామం."

"పరంధామం సారూ, చెప్పండి."

ఆయన వసుధను అడిగాడు. ఎప్పుడు కొట్టారు, ఎందుకు కొట్టారు. వసుధ చెప్పింది. విత్తనాల గది వెనక అయిదు రోజులుగా కూచోబెట్టిన సంగతి, ఎవరికీ చెప్పొద్దన్న సంగతి, మేక అరిచిన సంగతి, పలక పగిలిన సంగతి. ఏదీ తగ్గించలేదు. ఆయన రాసుకుంటున్న కలం చప్పుడు ఆమెకు స్పష్టంగా వినిపిస్తోంది.

నరసింహులని పద్నాలుగేళ్ళవాడు చెయ్యెత్తాడు. "మనలో ఎవురన్నా కొడితే దెబ్బ తిన్నోళ్ళ పని మూడు దినాలు చేస్తారు. అక్కకైనా అంతే."

అందరూ చేతులెత్తారు. వసుధ కూడా ఎత్తింది.

"కుళ్ళాయమ్మా, ఇంకేమన్నా కావాల్నా?" మెహరు అడిగింది.

కుళ్ళాయమ్మ లేచి నిలబడింది.

"కొట్టింది పోనీ. మ్యాక ఈనే సంగతి ఆయక్కకు తెలీదు. మా నాయన కూడా కోపమొస్తే కొడతాడు." ఆగింది. "రాసినావా అంటే రాసినా అన్నింది. నేను కాగితం చూస్తాంటి. కండ్లుండీ చూస్తాంటి. నాకేమీ తెలీకపాయ." మళ్ళీ ఆగింది. "ఆ మాట ఎట్ల రాస్తారో నాకు చూపియ్యాల. ఇప్పుడే."

నరసింహులు సుద్దముక్క తెచ్చి వసుధకు ఇచ్చాడు. ఆమె వలయం మధ్యలోకి వెళ్ళి సిమెంటు నేల మీద మోకాళ్ళు ఆనించి కూచుంది. మూడేళ్ళు నల్లబల్లల మీద రాసిన చెయ్యి, ఆ ఒక్క మాట రాయడానికి రెండుసార్లు ఆగింది.

కొట్టింది.

కుళ్ళాయమ్మ వచ్చి పక్కన వంగి చూసింది.

"ఇది అదేనని నాకెట్ల తెలుస్తాది?"

కుళ్ళాయమ్మ పీట వైపు తిరిగింది.

"మెహరూ, నువ్వొచ్చి చదువు."

మెహరు పీట దిగి వచ్చింది. రెండు చేతులూ మోకాళ్ళ మీద ఆనించి వంగి చదివింది. "కొ...ట్టిం...ది. ఊఁ, అదే."

అప్పుడు కుళ్ళాయమ్మ వసుధ చేతిలోంచి సుద్దముక్క తీసుకుంది. దాని పక్కనే రాయడం మొదలుపెట్టింది. మొదటి అక్షరం పడిపోయింది. చెరిపి మళ్ళీ రాసింది. వసుధ చెయ్యి ముందుకు రాబోయి, ఆగిపోయింది.

సభ అయ్యాక అధికారి పెద్దపిల్లల్ని ఒక్కొక్కరినీ పిలిచి చదివించాడు. పదిమంది చదివారు. కుళ్ళాయమ్మ వంతు వచ్చింది. పుస్తకం పట్టుకుని పేజీ అంతా పైనుంచి కిందికి చూసింది.

"నాకు రాదు సార్."

"ఒక్క వాక్యం?"

"రాదు." పుస్తకం ఇచ్చేయబోయి, ఆగి, ఒకచోట వేలు పెట్టింది. "ఇది ‘ది’."

ఆయన చూశాడు. ఆ పిల్ల వేలు కిందికి జరిగింది. "ఇది కూడా."

ఆయన చాలాసేపు ఫైలు మీద వంగి రాశాడు. వెళ్ళేటప్పుడు మోటారుసైకిలు పక్కన నిలబడి మస్తానయ్యతో అన్నాడు.

"నేను రెండూ రాయాల్సి వస్తుంది సార్. చదవలేని పిల్ల సంగతీ, కొట్టిన సంగతీ. టీచరుగారికి మెమో వస్తుంది. గుర్తింపు సంగతి ఇప్పుడే తేల్చను. జనవరిలో మళ్ళీ వస్తాను."

"రాయండి సార్" అన్నాడు మస్తానయ్య. "జరిగింది జరిగినట్టు రాయండి."

శుక్రవారం పొద్దున కుళ్ళాయమ్మ పని వసుధది. చీపురూ గంపా పట్టుకుని దొడ్డిలోకి వెళ్ళింది. పెంట ఎత్తి, గంపకెత్తుకుని మోటారు గది వెనకున్న దిబ్బ మీద పోయడానికి వెళ్ళి, అక్కడే నిలబడిపోయింది.

మోటారు గది తెల్లగోడ మీద బొగ్గుతో రాసి ఉంది. కొట్టింది. దాని కింద మళ్ళీ కొట్టింది. మొదటివి కాళ్ళూ చేతులూ విరిగినట్టున్నాయి. ఒకదాంట్లో ‘ట’ వత్తు లేదు, ఒకదాంట్లో సున్న ఎక్కడో పోయింది. పోనుపోను గీతలు గట్టిపడ్డాయి. చివరిది నిండుగా, తప్పులేకుండా, జానెడు ఎత్తున ఉంది. బాటన పోయే వాళ్ళెవరికైనా కనిపిస్తుంది.

ఆమె గంప కుమ్మరించి, చేతులు కడుక్కుని, గదిలోకి వెళ్ళి ఒక కాగితం రాసుకుని మస్తానయ్య దగ్గరికి వచ్చింది. ఆయన జావ గుండిగను బూడిదతో తోముతున్నాడు.

"మాస్టారూ, నేను వెళ్ళిపోతాను."

ఆయన తోముతూనే ఉన్నాడు.

"మెమో వస్తుందని కాదు. బడికి నా వల్ల ముప్పు వచ్చింది, అది కూడా కాదు. ఆ పిల్ల నన్ను నమ్మి కాగితం ఇచ్చింది. నేను ఇక ఎవరి చేత ఏ అక్షరం దిద్దించను?"

ఆయన గుండిగలో నీళ్ళు పోసి తిప్పి పారబోశాడు.

"గోడ చూసినావా?"

"చూశాను."

"ఎన్ని మాటలుండాయి?"

"ఒకటే. తొమ్మిదిసార్లు."

మస్తానయ్య గుండిగను ఎండలో బోర్లించాడు. తడిచేతులు పంచెకు తుడుచుకుని, మొదటిసారి ఆమె మొహంలోకి చూశాడు.

"ఆ పిల్లకు ఆ మాట ఒకటే ఇచ్చి పోతావా తల్లీ?"